కాలవ గట్టు మీద ఉపవాసం

పెళ్లిరోజున ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం మాకు మొదటి నుంచీ అలవాటు. సాయంత్రం వరండాలో చాపలు పరుస్తాం. పాస్టరు గారు వాక్యం చెబుతారు, ఆడవాళ్లు పాటలు పాడతారు, చివర్లో అందరికీ బిర్యానీ పెడతాం. మచిలీపట్నంలో మా వీధిలోని క్రైస్తవ కుటుంబాలన్నీ ఇంచుమించు ఇలాగే చేస్తాయి. నేను సంఘానికి కార్యదర్శిని కాబట్టి మా ఇంటికి జనం కాస్త ఎక్కువే వస్తారు. ఈ ఏడు కూడా పాస్టరు గారికి ముందే చెప్పి ఉంచాను. ఆ సంగతి నా భార్యకి చెబితే, ఉతికిన బట్టలు మడతపెడుతూ తల ఎత్తకుండానే అంది.

"ఈసారి కూడిక వద్దండి. ఎక్కడికైనా వెళ్దాం."

"ఎక్కడికి?"

"పెళ్లిరోజు శుక్రవారమే కదా, ఆ రోజు గుడివాడలో మా స్కూలు పిల్లల మ్యాచ్ ఉంది. మీరూ రండి. అది అయ్యాక పామర్రు దగ్గర కొత్తగా థీమ్ పార్కు పెట్టారంట, అక్కడికెళ్దాం. రాత్రికి అవనిగడ్డలో ఉండి, పొద్దున్నే హంసలదీవి. శనివారం సాయంత్రానికి ఇంటికొచ్చేద్దాం."

ఇదంతా ఆమె చాలా రోజుల నుంచి మనసులో సిద్ధం చేసుకున్నట్టు గబగబా చెప్పేసింది.

ఆమె బంటుమిల్లి వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామం టీచరు. చేపల చెరువుల మీద పనిచేసుకునే కుటుంబాల ఆడపిల్లలకి బేస్‌బాల్ నేర్పుతుంది. చదువుకునే రోజుల్లో జిల్లా జట్టులో ఆడింది కూడా. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఆమె పిల్లలు ఆడిన ఆట ఒక్కటి కూడా చూడలేదు. పిలిచినప్పుడల్లా సంఘంలో ఏదో పని అడ్డొచ్చేది, లేకపోతే నేనే అడ్డం తెచ్చుకునేవాణ్ణి.

మరో సమయంలో అయితే కూడిక మానడానికి ఒప్పుకునేవాణ్ణి కాదు. కానీ ఆ వారం నాకు వాదించే ఓపిక లేదు. ఆమె గొంతు దగ్గర గడ్డ ఒకటి తేలింది. మేమెవ్వరం చూడలేదు. గ్రౌండులో ఈల ఊది తల పైకెత్తి నీళ్లు తాగుతుంటే, ఒక పిల్ల "మేడం, మీ గొంతులో ఏదో పైకీ కిందకీ కదుల్తోంది" అందట. ఆసుపత్రికి వెళితే స్కానింగ్ తీశారు. థైరాయిడ్ గ్రంథిలో గడ్డ అన్నారు. సూది గుచ్చి ముక్క తీసి పరీక్షకి పంపారు. రెండు మూడు రోజుల్లో తెలుస్తుందన్నారు.

ఆ రోజు ఆమె బయట మందుల షాపు దగ్గర నిలబడి ఉండగా, గొడుగు మర్చిపోయానని చెప్పి నేను మళ్లీ లోపలికి వెళ్లాను. డాక్టరు గారితో, "ఏదొచ్చినా ముందు నాకే ఫోన్ చెయ్యండి సార్. ఆవిడ తట్టుకోలేదు" అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. రోజూ ప్రతి మొగుడూ చెప్పే మాటే అన్నట్టు తలూపి, నా నంబరు రాసుకున్నారు. మా ఇళ్లల్లో ఇది మామూలే. జబ్బు ఒకరికి, కబురు ఇంకొకరికి. తట్టుకోలేనిది ఆమె కాదు, నేను. ఆ మాట అప్పుడు నాతో నేను కూడా అనుకోలేదు.

అది చాలదన్నట్టు ఇంకొకటి కూడా చేశాను. పెళ్లిరోజున పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టనని, ఆమెకి చెడ్డ కబురు రాకుండా చూడమని దేవుడికి మాట ఇచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఉపవాసం ఉన్నవాడు పైకి కనబడనివ్వకూడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ణి. నాకు షుగర్ ఉంది. పొద్దున్నే మాత్ర వేసుకుంటాను. మాత్ర వేసుకుని తిండి మానేస్తే ప్రమాదమని డాక్టర్లు ఎన్నోసార్లు చెప్పారు. అది మర్చిపోలేదు. గుర్తొచ్చినప్పుడల్లా, అలా గుర్తు రావడమే నా విశ్వాసంలో లోపమని సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం పొద్దున ఆమె ఎప్పటిలాగే మాత్ర, గ్లాసు తెచ్చి ఇచ్చింది. నేను మింగేదాకా అక్కణ్ణుంచి కదలదు. అది ఆమె అలవాటు. మింగేశాను. ఆ గుక్కెడు నీళ్లు మాటలోకి రావని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. తినడానికి మాత్రం గ్రౌండు దగ్గర తింటానన్నాను. ఇడ్లీలు డబ్బాలో పెట్టి, చట్నీ విడిగా కట్టింది.

పెడన, గూడ్లవల్లేరు మీదుగా గుడివాడ వెళ్లాం. ఆమె కిటికీ అద్దం దించుకుని, దారి పొడవునా ఆ రోజు ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో వేళ్ల మీద లెక్కేసుకుంటోంది. గాలికి మెడ చుట్టూ ఉన్న చున్నీ తొలిగినప్పుడల్లా నేను రోడ్డు వదిలేసి ఆమె గొంతు వైపు చూశాను.

"ముందు చూసి నడపండి. అదెక్కడికీ పోదు" అంది.

గ్రౌండులో అడుగు పెట్టేసరికి పిల్లలు చుట్టూ మూగారు. ఎండకి కమిలిపోయిన మొహాలు, మోకాళ్ల దాకా మేజోళ్లు. అందులో ఒక పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"మేడం, సారేనా? మీరు చెప్తే మేం నమ్మలేదు, నిజంగానే ఉన్నారే."

"ఉన్నారే. కాకపోతే సార్‌కి ఆట తెలీదు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో పక్కన కూచుని చెప్పండి. మనోళ్లు అవుటైనప్పుడు కొట్టేస్తారు" అంది నా భార్య.

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఇడ్లీ డబ్బా తీసుకుని, తిని వస్తానని గ్యాలరీ వెనక్కి వెళ్లాను. అక్కడ ఒక కుక్క నీడలో పడుకుని ఉంది. ఇడ్లీలన్నీ దాని ముందు వేసి, డబ్బా కుళాయి కింద కడుక్కుని తిరిగొచ్చాను. ఆమె దూరం నుంచే తిన్నారా అన్నట్టు చెయ్యి ఊపింది. తిన్నానన్నట్టు పొట్ట నిమురుకున్నాను. తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నిటికన్నా సిగ్గనిపించేది అదే, ఆ పొట్ట నిమురుకోవడం.

ఆట నాకు సగమే అర్థమైంది. ఒక పిల్ల బంతి విసురుతుంది, ఒక పిల్ల బ్యాటుతో కొడుతుంది, కొట్టిన పిల్ల నాలుగు మూలలూ చుట్టి మొదలుపెట్టిన చోటికే రావాలి. నా భార్య గీత అవతల నిలబడి టోపీ ముట్టుకుంటోంది, చెవి పట్టుకుంటోంది, మోచెయ్యి తడుముకుంటోంది. ఒంట్లో ఏమైనా బాగాలేదేమోనని నేను లేవబోయాను. పక్కనున్న పిల్ల నా చొక్కా పట్టి లాగింది.

"కూచోండి సార్. అవన్నీ మాకు సైగలు. చెవి పట్టుకుంటే ఏం లేదు, అవతలోళ్లని ఏమార్చడానికి. టోపీ పట్టుకున్నాక మోచెయ్యి పట్టుకుంటే మాత్రం పరిగెత్తాలి."

"ఏం చెప్పకుండానే?"

"గట్టిగా చెప్తే అవతలోళ్లకి తెలిసిపోద్ది కదండీ."

సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. లేచి పదడుగులు పక్కకి పరిగెత్తి చూస్తే, మా సంఘం కోశాధికారి. మైకు సెట్టు బాగుచేయించే విషయం. ఏదో చెప్పి పెట్టేశాను. వెనక్కి తిరిగేసరికి, మైదానం అవతలి నుంచి నా భార్య నన్నే చూస్తోంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మళ్లీ ఈల నోట్లో పెట్టుకుంది. ఊదినప్పుడు ఆమె మెడ నరాలు ఉబ్బాయి. ఆ ఈల వల్ల ఏమైనా అవుతుందేమోనని, వెళ్లి లాక్కుందామా అన్నంత భయం వేసింది.

మా వాళ్లు ఓడిపోయారు. ఏడుస్తున్న పిల్లని ఒకదాన్ని ఆమె కౌగిలించుకుని, "ఏడిస్తే దాహమేస్తది, తాగడానికి గ్లూకోజు నేను కలపాలి. ఊరుకో" అంది. పిల్లల్ని తోటి టీచరుతో బస్సెక్కించి, ఆట సామాను సంచి మా కారు వెనక సీట్లో పడేసింది. ఎండ నడినెత్తి మీదుంది. నా నాలుక పిడచకట్టుకుపోయింది. భోజనం చేద్దామంది. పార్కులో చేద్దామన్నాను.

మెయిన్ రోడ్డు మీద లారీలు ఎక్కువని కాలవ పక్క లోపలి రోడ్డు పట్టాను. అది కూడా నా నిర్ణయమే. ఒక కారు, ఒక మోటారు సైకిలు పక్కపక్కన పట్టేంత రోడ్డు. ఎడమ వైపు కాలవ, నిండుగా నీళ్లు, ఒడ్డు వెంబడి నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క. కుడి వైపు నాట్లు వేసిన చేలు. కాలవ గట్టు మీద కారు నడపడం మా ప్రాంతంలో పుట్టి పెరిగిన వాళ్లకి కొత్త కాదు. అయినా గట్టు ఎక్కిన ప్రతిసారీ మాట తగ్గించి నడుపుతాం. నీళ్లలోకి జారిన కార్ల సంగతి వినని వాళ్లు మాలో ఎవరూ లేరు.

కొంత దూరం వెళ్లాక మెడ వెనక చల్లగా చెమట పట్టింది. చేతివేళ్లు వణకడం మొదలుపెట్టాయి. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. పెదాలు నావి కానట్టు మొద్దుబారాయి. అదేమిటో నాకు తెలుసు. బండి ఆపి ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ సగం రోజు గడిచింది, మిగతా సగం కూడా ఎలాగో లాగించొచ్చనుకున్నాను. ఇక్కడ వదిలేస్తే, రేపు ఫోన్ వచ్చి ఆ కబురు చెడ్డదైతే, ఇంకొంచెం ఓర్చుకోలేకపోయావే అని జీవితాంతం నా మనసే నన్ను తింటుందనుకున్నాను. ఈ నీరసం, ఈ వణుకు దేవుడు నా మాట వింటున్నాడనడానికి గుర్తని కూడా అనుకున్నాను. ఆ స్థితిలో మనిషి ఏదైనా అనుకుంటాడు.

"ఏసీలో కూచుని ఆ చెమటలేంటండీ?" అంది.

"ఏం లేదు."

"ఏం లేదేంటి, చొక్కా తడిసిపోయింది. పక్కకి ఆపండి."

"నడిపేవాణ్ణి నేనా నువ్వా? ఊరికే నస పెట్టకు" అని కసిరాను. నేను ఆమెని అలా కసరడం అరుదు. ఆమె నా వైపు తిరిగి నా మొహం పరకాయించి చూసింది.

"ఇప్పుడు మనం ఏ ఊరు వెళ్తున్నాం?" అని అడిగింది.

నాకు ఆ ప్రశ్న వినబడింది. జవాబు రాలేదు. నోరు తెరిచి ఏదో ఊరి పేరు చెప్పాను. అది మా దారిలోది కాదని తర్వాత ఆమె చెబితే తెలిసింది. రోడ్డు తెల్లగా, సున్నం కొట్టినట్టు అయిపోయింది. ఆ తెలుపులో రోడ్డేదో గట్టేదో నాకు తెలియలేదు. కారు ఎడమకి ఒరుగుతున్నట్టు మాత్రం తెలుస్తోంది. కాలు బ్రేకు మీద పెట్టాలనుకున్నాను. కాలు ఎక్కడుందో తెలియలేదు.

హ్యాండ్‌బ్రేకు లాగింది ఆమె. ఒక చేత్తో అది లాగి, రెండో చేత్తో స్టీరింగుని కుడికి తోసింది. కారు గింగిరాలు తిరిగినట్టయి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ముందు ఎడమ చక్రం గట్టు అంచు దిగి, మట్టిలో కూరుకుపోయింది. కారు అటు వైపు ఒరిగి నిలబడింది. ఆమె తలుపు పక్కనే నీళ్లు. తలుపు తీస్తే కాలు పెట్టడానికి గుర్రపుడెక్క తప్ప ఏమీ లేదు.

ఇదంతా నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. ఆమె ఇంజను ఆపడం. వెనక్కి వంగి ఆట సామాను సంచి లాగడం. గ్లూకోజు ప్యాకెట్టు పళ్లతో చింపి, పొడి నా దవడకీ చిగురుకీ మధ్య కూరి, "మింగండి, నోరు కదపండి, నా వైపు చూడండి" అని అరవడం. కారు కొంచెం కిందకి జారినట్టు అనిపించినప్పుడల్లా ఆమె ఊపిరి బిగబట్టడం. ఆ తర్వాత సీసాలో నీళ్లు కలిపి తాగించింది. కాసేపటికి రోడ్డు రోడ్డులా, చేను చేనులా కనబడ్డాయి. ఆమె మొహం కూడా కనబడింది. ఆమె పెదాలు నా పెదాల కన్నా తెల్లగా ఉన్నాయి.

"పొద్దున ఇడ్లీలు తిన్నారా?" అని అడిగింది.

"తిన్నాను."

ఆ అబద్ధం అంత జరిగాక, నీళ్లకి జానెడు దూరంలో కూచుని చెప్పాను.

"నా మొహం చూసి చెప్పండి."

చూడలేకపోయాను. అప్పుడు చెప్పాను. మొక్కుకున్న సంగతి, కుక్కకి పెట్టిన సంగతి. ఆమె అంతా వింది. చున్నీ చివరతో నా గడ్డం మీద అంటిన గ్లూకోజు తుడిచింది. తుడిచే చెయ్యి కటువుగా ఉంది.

ఈలోగా వెనక నుంచి రొయ్యల చెరువులకి ఐసు తోలే వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు లుంగీ ఎగ్గట్టుకుని దిగి, కారుని, నన్ను చూశాడు.

"ఏంటి బాబాయ్, పట్టపగలే ఏసేశావా? పక్కన పిన్నిగారిని పెట్టుకుని ఇదేం పని?"

ఇన్నేళ్లుగా సంఘంలో తాగుడు మాన్పించే కూడికలు నడిపిన వాణ్ణి నేను. నా తలుపు వైపు నుంచి నా మీదుగా దిగుతూ ఆమె అంది.

"మందు కాదు బాబూ, భక్తి. అదెక్కువైంది."

అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే అవసరం కూడా అతనికి లేదు. వ్యానులోంచి తాడు తీసి మా కారుకి కట్టి, వెనక్కి లాగాడు. చక్రం పైకొచ్చిన చోట మట్టి పెళ్ల విరిగి నీళ్లలో పడింది. ఆ చప్పుడు చాలా చిన్నది.

"ఇంక పిన్నిగారిని నడపనీ" అని చెప్పి అతను వెళ్లిపోయాడు.

ఆమెకి కారు లైసెన్సు ఉంది. నేర్పించింది నేనే. నేర్పించాక పక్కన కూచుని ప్రతి మలుపు దగ్గరా తప్పులు పడుతుంటే, విసిగి స్కూటీతో సరిపెట్టుకుంది. ఇప్పుడు ఏమీ అడగకుండా నా సీట్లో కూచుంది. సీటు ముందుకి జరుపుకుంది. రెండో గేరు దాటకుండా, గట్టు మధ్యలోంచి నడిపింది. నీళ్ల పక్కనున్న సీటు ఇప్పుడు నాది. గట్టు దాటేదాకా నేను కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే మళ్లీ స్పృహ తప్పిందనుకుని ఆమె భయపడుతుందని.

ఇంటికి వెళ్లిపోదామన్నాను. వద్దంది. థీమ్ పార్కుకే తీసుకెళ్లింది.

చేపల చెరువులు పూడ్చి కట్టిన పార్కు అది. గేటు దగ్గర పెద్ద రాక్షసబల్లి బొమ్మ, లోపల నీళ్ల జారుడుబల్లలు, ఆకాశంలోకి ఊగే పడవ. మైకులో పాటలు. ఆమె ముందు నన్ను క్యాంటీనులో కూచోబెట్టి, పెరుగన్నం తెచ్చి ముందు పెట్టింది. నా చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. బయట ఇంకా ఎండ ఉంది.

"ఏం, పొద్దు గుంకాలా?" అంది.

"గ్లూకోజు అంటే తెలివి లేనప్పుడు తాగాను. ఇప్పుడు తెలిసి తింటే... రేపు ఏమైనా..."

"రేపు నాకేమైనా అయితే ఈ పెరుగన్నం వల్ల అయినట్టా?"

నేను చెయ్యి పళ్లెంలోంచి వెనక్కి తీసుకున్నాను.

"దేవుడు మీ ఇడ్లీలు లెక్కపెట్టుకుంటూ కూచున్నాడా, అవి తగ్గితే నా గడ్డ తగ్గించడానికి? అలాంటి దేవుడికా మీరు ఇన్నాళ్లూ చందాలు వసూలు చేసింది?"

పక్క బల్ల దగ్గరున్న కుటుంబం మా వైపు తిరిగి చూసింది. ఆమె గొంతు తగ్గించింది.

"నాకూ రాత్రుళ్లు నిద్ర రావట్లేదండీ. మీకు చెప్తే మీరు ఇంకా భయపడతారని చెప్పలేదు. ఆ కబురు వచ్చేదాకా ఈ రెండు రోజులైనా మామూలుగా ఉందామనుకున్నా. ఆట చూసి, ఉయ్యాల ఊగి, సముద్రం చూసి. మీరు ఈ రెండు రోజుల్ని కూడా ఆసుపత్రి చేసేశారు."

తిన్నాను. ప్రతి ముద్దా భయంతోనే మింగాను. అంత భయపడుతూ నేను ఎప్పుడూ అన్నం తినలేదు. ఆమె ఎదురుగా కూచుని, పళ్లెం ఖాళీ అయ్యేదాకా చూసింది.

తర్వాత ఆ ఊగే పడవ ఎక్కుతానంది. గుండెజబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఎక్కకూడదని అక్కడ బోర్డు ఉంది. నేను కింద బెంచీ మీద కూచున్నాను. పడవ పైకి లేచినప్పుడల్లా ఆమె జడ గాల్లోకి ఎగిరి, ఆమె మొహం కనబడకుండా పోయేది. పక్కవాళ్లందరూ కేకలు పెడుతున్నారు. ఆమె పెట్టలేదు. కడ్డీ పట్టుకుని, పళ్లు బిగించి, ఎదురుగా చూస్తోంది. ప్రార్థన చేద్దామని నేను కళ్లు మూసుకోబోయి, మానుకుని, చూస్తూ కూచున్నాను. ఆ పూట నేను ఆమె కోసం చేసిన పని అదొక్కటే, చూడడం.

డాక్టరుతో చేసుకున్న ఏర్పాటు సంగతి అప్పుడే చెప్పాల్సింది. ఆమె దిగి, తల తిరుగుతోందని నా భుజం పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు పోగొట్టుకోవడం ఇష్టం లేక చెప్పలేదు. ఒక తప్పు ఒప్పుకున్నాను కదా, చాలనుకున్నాను. అవనిగడ్డ వెళ్లేదాకా, అక్కడ లాడ్జిలో పడుకునేదాకా, ఫోన్ చేతిలోంచి వదల్లేదు.

పొద్దున ఆమే మళ్లీ మాత్ర ఇచ్చింది, టిఫిన్ తెప్పించి ఎదురుగా తినిపించింది. కోడూరు దాటి హంసలదీవి వెళ్లాం. కారు ఆమే నడిపింది. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి ఇసకలో చాలా దూరం నడవాలి. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు తప్ప ఎవరూ లేరు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని అల ఒడ్డుకి వెళ్లింది. నేను కొంచెం వెనకున్నాను. అప్పుడు ఫోన్ మోగింది. ఆసుపత్రి నంబరు.

కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచాయి. అలల చప్పుడు తగ్గేంత దూరం వచ్చి ఎత్తాను.

"మేడం పక్కనున్నారా? మీరు ముందే చెప్పారు కదా, అందుకని మీకే చేశాను. ఆవిడకి వినబడకుండా పక్కకి రండి" అన్నారు డాక్టరు గారు.

ఆయన గొంతులో ఏముందో పోల్చుకోవాలని చూశాను. ఏమీ తెలియలేదు. ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఆయన చెప్పేసేవారు. అది నా దగ్గరుండేది. ఆమెకి ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నేనే తేల్చేవాణ్ణి. సముద్రం ఒడ్డున ఆమె నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. పక్కనే నీళ్లు పెట్టుకుని ఆమె కారులో కూచున్న దృశ్యం కళ్ల ముందు మెదిలింది. నా భయంతో ఆమెని అంతదాకా తీసుకెళ్లింది నేనే.

"ఒక్క నిమిషం ఆగండి సార్. నాకు చెప్పొద్దు. ఆవిడకే చెప్పండి" అన్నాను.

ఇసకలో పరిగెత్తాను. రొప్పుతూ ఫోన్ ఆమె చేతికిచ్చాను. "డాక్టరు గారు" అన్నాను.

ఆమె నా ఫోన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. అంతా అర్థమైందని ఆ చూపులోనే తెలిసింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "చెప్పండి సార్... అంటే ఏంటండీ?... తీశాక గానీ చెప్పలేరా?... ఎంత పెద్ద ఆపరేషన్?... సోమవారం వస్తాం. నేనే వస్తాను." మధ్యలో రెండో చెయ్యి గొంతు మీద పెట్టుకుంది. పెట్టేశాక కూడా ఆ చెయ్యి తీయలేదు.

"చెడ్డదో కాదో సూదితో తేలలేదంట. అనుమానంగా ఉందంట. అది మొత్తం తీసి పరీక్ష చేస్తే గానీ తెలియదంట" అంది.

"ఆపరేషన్..."

"ఊఁ." ఫోన్ నాకు తిరిగిస్తూ అడిగింది. "మీ ఫోన్‌కి చెయ్యమని ఎప్పుడు చెప్పారు?"

"గొడుగు కోసమని లోపలికెళ్లాను చూడు, అప్పుడు."

"గొడుగు మీ చేతిలోనే ఉంది. నేను చూశాను. పాపం, బాత్రూమ్‌కని చెప్పడానికి సిగ్గుపడ్డారేమో అనుకున్నా."

నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. తప్పయిపోయిందన్నాను. నాకు చాలా భయంగా ఉందన్నాను. ఆ మాట ఆమెతో నేను పైకి అనడం అదే మొదలు. ఆమె ఇసకలో కూలబడినట్టు కూచుంది.

"నాక్కూడా. ఇది నా ఒళ్లండీ. దీని సంగతి ఎవరికి చెప్పాలన్నా నేనే చెప్తా. మీరు ఎవరితోనూ అనకండి. పాస్టరు గారితో కూడా."

సరేనన్నాను. ఎండ ఎక్కేదాకా ఇద్దరం అక్కడే కూచున్నాం.

మా సంఘంలో ఆదివారం ఆరాధన చివర్లో ప్రార్థన అవసరతలు చెప్పడం కార్యదర్శి పని. ఎవరికి జ్వరం, ఎవరింట్లో కాన్పు, ఎవరికి పరీక్షలు అన్నీ మైకులో చెబుతాను. మర్నాడు అలాగే నిలబడి అందరివీ చెప్పాను. నోటి చివర మా ఇంటి మాట ఉంది. ఆడవాళ్ల వైపు చూశాను. మూడో వరసలో ఆమె తల వంచుకుని ఉంది. మింగేసి కూచున్నాను. ఆ వారం అంతా అది నా లోపల తిరుగుతూనే ఉంది. పదిమందీ ప్రార్థన చేయాల్సిన సంగతి దాచి ఆమెకి అన్యాయం చేస్తున్నానా అని కూడా అనిపించింది. అయినా అనలేదు.

ఆ పై ఆదివారం, ఇంకెవరికైనా అవసరతలున్నాయా అని నేను అడిగినప్పుడు ఆమె లేచి నిలబడింది. మైకు తీసుకోలేదు. గ్రౌండులో పిల్లల్ని పిలిచే గొంతుతో చెప్పింది.

"నా గొంతులో గడ్డ ఉందండి. వచ్చే వారం తీస్తారు. మంచిదో కాదో ఇంకా తెలీదు. నాకు భయంగా ఉంది. ప్రార్థన చెయ్యండి."

జనమంతా ఒక్కసారి ఆమె వైపు, తర్వాత నా వైపు తిరిగారు. ఇంత సంగతి కార్యదర్శి ఎందుకు చెప్పలేదన్నట్టు చూశారు. పాస్టరు గారు కూడా అలాగే చూశారు. ఆమె కూచున్నాక, అందరితోపాటు నేనూ మోకాళ్లూనాను.